హైదరాబాద్‌కు కొత్తగా వచ్చారా? పొద్దున వెళ్లి మగ్రిబ్ వేళకు తిరిగొచ్చే పచ్చని చోట్లు ఇవే

కడప, కర్నూలు, గుంటూరు, ఖమ్మం నుంచి ఉద్యోగం కోసం ఏటా ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ వస్తుంటాయి. టోలిచౌకిలోనో మెహదీపట్నంలోనో రెండు గదుల ఇల్లు దొరుకుతుంది. మగవాళ్లకు ఆఫీసు, పిల్లలకు స్కూలు ఉంటాయి. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు, ఊరి నుంచి వెంట వచ్చిన అమ్మీ అబ్బాలకు మాత్రం నాలుగు గోడలే మిగులుతాయి. సెలవు వస్తే అందరూ మాల్‌కే పోతారు. అక్కడ పిల్లలు పరిగెత్తే చోటుండదు, జేబు మాత్రం ఖాళీ అవుతుంది. పచ్చటి చెట్టు, చెరువు గట్టు చూడాలంటే ఎటు పోవాలో కొత్తవాళ్లకు తెలీదు.

ఎలా వెతకాలి?

మ్యాప్‌లో మూడు గుర్తులు చూస్తే చాలు. మొదటిది నది. మూసీ వెంట పైకి, అంటే పడమటి వైపు వెళ్తే గండిపేట, ఆ తర్వాత వికారాబాద్ కొండలు వస్తాయి. రెండోది రైలు మార్గం. స్టేషన్‌కు దగ్గర్లో కొండో కోటో ఉంటే కారు లేకున్నా పోవచ్చు. మూడోది దూరం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వంద కిలోమీటర్ల లోపు చోటే మేలు. అంతకు మించితే రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది.

గండిపేట

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది అన్నిటికంటే దగ్గర. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరగకుండా, నగరానికి తాగునీరు కూడా అందేలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ కట్టారు. అది 1920లో పూర్తయింది. అదే గండిపేట. పక్కనే ఈసీ నది మీద హిమాయత్ సాగర్ ఉంది. రెండూ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో కట్టినవే. సగం రోజు చాలు, సాయంత్రం గాలికి కూడా పోవచ్చు.

అనంతగిరి కొండలు

నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. మూసీ పుట్టేది ఇక్కడే. గాలి మంచిదని నిజాం కాలంలోనే ఇక్కడ టీబీ రోగుల కోసం శానిటోరియం పెట్టారు. సికింద్రాబాద్, లింగంపల్లి నుంచి వికారాబాద్ జంక్షన్‌కు రైళ్లున్నాయి. స్టేషన్ నుంచి కొండ ఐదారు కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి, సాయంత్రం కొండ మీద బండి దొరకడం కష్టం. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా అడవి పచ్చగా ఉంటుంది. ఎండాకాలంలో ఆకులు రాలిపోతాయి, వెళ్లినా నిరాశే.

భువనగిరి కోట

వరంగల్ రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు. కాజీపేట వైపు వెళ్లే కొన్ని రైళ్లు కూడా ఇక్కడ ఆగుతాయి. ఒకే బండరాయి మీద కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడు, ఊరికి ఆ పేరు అలానే వచ్చిందంటారు. పైనుంచి చూస్తే చుట్టూ చెరువులు, పొలాలు కనిపిస్తాయి. మెట్లు చాలా ఉన్నాయి, నీడ తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దు. పొద్దున్నే ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగిపోవాలి.

పిల్లలమర్రి

మహబూబ్‌నగర్ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, సుమారు 700 ఏళ్ల మర్రిచెట్టు. ఊడలు దిగి మూడెకరాలు పాకింది. 2018లో చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాల్లాంటివి కట్టి మందు ఎక్కించారు. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథేముంటుంది? కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైలు మార్గంలోనే మహబూబ్‌నగర్ వస్తుంది.

నాగార్జున సాగర్

సుమారు 150 కిలోమీటర్లు. ఫజర్ అవగానే బయల్దేరితేనే ఒక్కరోజులో సాధ్యం. కృష్ణకు వరద వచ్చి గేట్లెత్తితే చూడాల్సిందే. 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల జలపాతం ఉంది. గేట్లెత్తారో లేదో వార్తల్లో చూసుకుని బయల్దేరడం మంచిది.

నీళ్ల దగ్గర జాగ్రత్త

చెరువు గట్టు పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది. కానీ రాళ్ల మీద పాచి, లోపల బురద, ఉన్నట్టుండి లోతు. ఒకరు జారితే కాపాడబోయి వెనకే దూకినవాళ్లు కూడా మునిగిపోవడం మామూలుగా జరిగేదే. ఎవరైనా పడితే దూకకుండా ఒడ్డు నుంచే దుపట్టా, తాడు, పొడవాటి కర్ర అందించి కేకేయాలి. సెల్ఫీ కోసం అంచుకు పోనివ్వొద్దు. పిల్లల మీద ఒక పెద్దమనిషి కన్ను ఎప్పుడూ ఉండాలి. "అందరం చూస్తున్నాంలే" అనుకుంటే ఎవరూ చూడనట్టే.

ఖర్చు లెక్క

అనంతగిరికి రానుపోను సుమారు 160 కిలోమీటర్లు. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే కారుకు పది లీటర్ల పెట్రోలు. రెండు కుటుంబాలు కలిసి పెద్ద బండి మాట్లాడుకుంటే తలకు తక్కువ పడుతుంది. రైలు జనరల్ టికెట్ అన్నిటికంటే చవక. హలాల్ హోటల్ వెతుక్కోవడం కంటే ఇంటి నుంచే టిఫిన్ డబ్బాలు, దస్తర్ఖాన్ తీసుకెళ్తే డబ్బూ మిగులుతుంది, కడుపూ నిండుతుంది.

నమాజ్

వజూ కోసం ఐదు లీటర్ల క్యాన్, జానమాజ్ బండిలో ఉంచుకోవాలి. వికారాబాద్, భువనగిరి, మహబూబ్‌నగర్ ఊళ్లలో మసీదులున్నాయి. కొండెక్కే ముందే దారి అడిగి పెట్టుకుంటే జుహర్‌కు వెతుకులాట ఉండదు. కస్ర్ దూరాన్ని హనఫీ ఉలమా సాధారణంగా 77, 78 కిలోమీటర్లుగా చెబుతారు, లెక్క ఊరి పొలిమేర నుంచి మొదలవుతుంది. అనంతగిరి లాంటి చోటుకు ఇది అటూఇటూ కావచ్చు కాబట్టి బయల్దేరే ముందే మొహల్లా ఇమామ్ సాబ్‌ను అడగాలి.

వెళ్లే ముందు

ఆదివారం అన్నిచోట్లా రద్దీ. వీలైతే శనివారం పోవాలి. శుక్రవారమైతే జుమా చూసుకుని గండిపేట లాంటి దగ్గరి చోటు చాలు. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, తిరిగి కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. ప్లాస్టిక్ చెత్త తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి. అనంతగిరిలో పుట్టే నీళ్లే గండిపేట దాటి చాదర్‌ఘాట్ వంతెన కిందికి వస్తాయి.