రంగము దారిలో తోడు

గౌతమీ గోదావరి సముద్రమున గలియు చోటికి చేరువగా, మడ అడవుల నీడలో, నేడొక చిన్న గ్రామముగా మిగిలియున్న కోరంగిని చూచినవారికి, ఈ యూరి పేరు ఒకప్పుడు బంగాళాఖాతమునకు ఆవలియొడ్డున తెలుగుజాతి కంతటికిని పేరై యుండెనన్నచో వింతగా తోచవచ్చును. బర్మాదేశమున తెలుగు కూలివానిని కోరంగీ యనియే పిలిచిరి. అతడు గోదావరి మండలము వాడైనను, విశాఖపట్టణము వాడైనను, గంజాము వాడైనను, ఆ రేవు మీదుగా వచ్చిన తొలివారి పేరే వెనుక వచ్చినవారి కందరికిని అంటుకొనెను. మనవారును తక్కువ తినలేదు. రంగూను పట్టణమును తమ నాలుకకు అనువుగా మలచుకొని రంగ మనిరి. ‘రంగం పోయినాడు’ అన్నమాట మూడు తరములపాటు మన తీరగ్రామములలో వినబడెను; కొన్ని యిండ్లలో అది ఆశతో పలికిన మాట, కొన్ని యిండ్లలో ఏడ్పు దిగమ్రింగుకొని పలికిన మాట. ఇట్లు ఒకరి రేవును బట్టి ఒకరు పేర్లు పెట్టుకొన్న రెండు జాతుల నడుమ నూరేండ్లకు పైగా సాగిన రాకపోకల చరిత్రలో, ఎవరెంత గడించిరన్న లెక్కకన్న, ఎవరికెవరు తోడుగా నిలిచిరన్న ముచ్చటయే ముందు చెప్పుకొనదగినదని నా నమ్మకము.

ఈ దేశములు రెండును ఒకదాని నొకటి ఎరుగుట నిన్నమొన్నటి మాట కాదు. ప్రోము పట్టణ సమీపమున ప్రాచీన శ్రీక్షేత్రపు శిథిలములలో దొరకిన బంగారు రేకులపై పాళీ వాక్యములున్నవి. వాని లిపి మన దక్షిణదేశపు లిపులకు దగ్గరి చుట్టము. దిగువ బర్మాలోని మోను జాతివారికి బర్మీయులు పెట్టిన తలైంగు అను పేరు తెలింగ శబ్దమునుండి పుట్టినదని ఫెయిరు మున్నగు పూర్వచరిత్రకారులు తలచిరి. తరువాతి పండితులలో కొందరు దాని నంగీకరింపలేదు. అది యెట్లున్నను, పదునెనిమిదవ శతాబ్దము నాటికి కోరంగి ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న ఓడలను బాగుచేయుటకును తూర్పుతీరమున పేరుగన్న రేవు. 1789 లో ఒకమారు, 1839 లో మరియొకమారు వచ్చిన ఉప్పెనలు ఆ యూరిని ముంచివేసినవి. నదీముఖమున ఇసుకమేటలు పెరిగి ఓడలకు దారి మూసికొనిపోయెను. వ్యాపారము కాకినాడకు తరలిపోయెను. రేవు చచ్చెను గాని దాని పేరు ఆవలియొడ్డున బ్రతికి యుండెను.

1852 నాటి యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. ఐరావతీ నది సముద్రమును చేరుచోట నున్న విశాలమైన లంకభూములు అప్పటికి చాలవరకు అడవియు, రెల్లుదుబ్బులును. 1869 లో సూయజు కాలువ తెరచుటతో ఐరోపా దేశపు బజారులు దగ్గరపడి, బియ్యమునకు గిరాకి హెచ్చి, యుద్ధము నాటికి పదిలక్షల యెకరముల లోపున నుండిన వరిసాగు 1930 ప్రాంతమునకు కోటి యెకరములకు చేరువయ్యెను. అడవి నరికి, నీరు కట్టి, విత్తి, కోసినవారు చాలవరకు బర్మా రైతులే; కాని ఆ ధాన్యమును మరపట్టి, బస్తాల కెత్తి, ఓడలలో నింపుటకు కావలసిన భుజములు సముద్రమున కీవలినుండి పోవలసివచ్చెను. ఇక్కడ, గంజాము విశాఖపట్టణ మండలములలో, జమీందారు శిస్తునకును మబ్బు దయకును నడుమ బ్రతుకీడ్చుచుండిన పేదవానికి 1866 నాటి కరవు మరపురానిది. పొలము లేనివానికి ఊరిలో ఏడాది పొడుగున పని లేదు. ధాన్యము మిల్లులకు చేరు కాలమునకు పోయి, రెండు మూడేండ్లు కష్టించి, అప్పు తీర్చి, వీలైనచో ఒక చెక్క భూమి కొనవచ్చునన్న ఆశయే వానిని ఓడ యెక్కించెను.

ఆనాడు కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డునకు వచ్చెడివి కావు. లోతైన నీటిలో దూరముగా లంగరు వేసి నిలిచెడివి. కాలువలోనుండి నావలమీద పోయి, అలలపై ఊగుచున్న నావనుండి అంతకన్న ఎత్తున ఊగుచున్న స్టీమరు మెట్లను అందుకొనుటయే రంగము యాత్రలో మొదటి సాహసము. నదిని తప్ప సముద్రమును చూడనివాడు, చంకలో దుప్పటి మూటయు, ఒక చేత ఇత్తడి చెంబును పట్టుకొని, మూటలోని చింతపండు, ఎండుమిరపకాయలు తడియకుండ చూచుకొనుచు, రెండవ చేతిని పైనున్న వానికి అందించుటను తలచుకొనుడు. ఆ చేయి పట్టి లాగినవాడు ఏ యూరివాడో, ఏ కులము వాడో అడుగుటకు అప్పుడు తీరిక లేదు. నాలుగైదు దినముల ప్రయాణము. పైని ఎండ, క్రింద డెక్కు పలకలు, చుట్టును నీరు. ఒకని కడుపు త్రిప్పినచో మరియొకడు తల పట్టుకొనెను. ఒకని అన్నము చాలనిచో మరియొకడు పంచెను. ఊరిలో బావి దగ్గర పాటించిన హద్దులు ఓడమీద నిలువుట కష్టమయ్యెను. మారిషసునకును, ఫిజీకిని, కరీబియను దీవులకును పోయిన ఉత్తరదేశపు కూలీలు తమతో ఓడలో వచ్చినవానిని ‘జహాజీ భాయి’ అని తోడబుట్టినవానితో సమానముగా చూచుకొనిరి. మనవానికి అట్టి బిరుదుపేరు అవసరము లేకపోయెను. మామ, బావ, అన్న, తమ్ముడు అను ఊరివరుసలనే ఓడలో కలిసినవానికిని కలిపి పిలిచెను. ఒకసారి కలిపిన వరుస తిరిగి యింటికి వచ్చిన తరువాతను తెగలేదు.

రంగములో దిగినవానికి పని చూపువాడు మేస్త్రీ. బర్మాకు పోయినవారికి మారిషసువలె ఐదేండ్ల ఒప్పందపత్రము లేదు. ఉండినది మేస్త్రీ యిచ్చిన బయానా. ఓడకూలియు, యింటివారికి ఇచ్చిపోయిన నాలుగు రూపాయలును అప్పుగా వ్రాసికొని, ఆ యప్పు తీరువరకు తన ముఠాలో పనిచేయవలెనను కట్టడితో మేస్త్రీ మనుష్యులను కొనిపోయెను. మిల్లువాడు గాని, ఓడల కంపెనీవాడు గాని కూలివాని మొగ మెరుగడు. డబ్బు పెద్దమేస్త్రీ చేతినుండి చిన్నమేస్త్రీ చేతికిని, అక్కడినుండి ముఠాలోనికిని జారుచు, జారినచోటనెల్ల కొంత తరిగిపోవుచుండెను. ఆ తరుగుదలను గురించి ప్రభుత్వ నివేదికలు చాల వ్రాసినవి, వ్రాయవలసినవే. కాని అదే ముఠా, మేస్త్రీకి లెక్కల పట్టీయైనట్లే, కూలివానికి ఇల్లయ్యెను. పజుండాంగు వాగు ఒడ్డున వరసగా నిలిచిన బియ్యపు మిల్లులలో బస్తా మోసినవారును, రేవులో కళాసి పని చేసినవారును, వీధులలో రిక్షా లాగినవారును, పాకీపని చేసి ఆ మహానగరమును శుభ్రముగా నుంచినవారును ఇరుకు బారకులలో ఒకరి ప్రక్క నొకరు పడుకొనిరి. కొన్నిచోట్ల పగటి పనివాడు లేచిన చాపమీద రాత్రి పనివాడు వాలెను. నలుగురు ఒక పొయ్యి పెట్టుకొని వంతులవారిగా వండుకొనిరి. అక్షరము వచ్చినవాడు ఒక్కడున్నచో, ఆదివారమునాడు వాని చుట్టును చేరి, ఒకరి తరువాత ఒకరు కార్డుముక్కమీద తమ మాట వ్రాయించుకొనిరి. పదిమంది ఎదుట భార్యకు చెప్పవలసిన మాట ఎంతయని చెప్పగలడు? కనుక ఆ కార్డులలో క్షేమము, మనియార్డరు, ఆవు ఈనెనా యను ప్రశ్న తప్ప మరేమియు నుండదు. మిగిలినది వ్రాయించినవాని కడుపులోనే దాగెను. ముఠాలో ఒకడు జ్వరమున పోయినచో కట్టెలు పేర్చినవారును, వాని చెంబును దుప్పటిని ఊరికి చేర్చి యింటి గుమ్మమున నిలిచి కబురు చెప్పినవారును ఆ తోడివారే.

బర్మీయులతో స్నేహము లేకపోలేదు. బర్మాలో పుణ్యము కోరువారు బాటల ప్రక్కన చిన్న పందిరి వేసి, మట్టికుండలలో చల్లని నీరు నింపి, మూతపై ఒక చిప్ప బోర్లించి యుంచుదురు. త్రాగువాడు ఎవడని అడుగువారుండరు. వేసవిలో మన చలివేంద్రము చూచి పెరిగిన తెలుగు రిక్షావానికి ఆ కుండ పరాయిది కాదు. మన సంవత్సరాది గడచిన కొలదిదినములకు, ఏప్రిల్ నడుమ, వారి తింజాను పండుగ వచ్చును; వీధి యంతయు ఒకరిమీద నొకరు నీళ్లు చల్లుకొనును. బర్మా స్త్రీలను పెండ్లాడి అక్కడనే నిలిచిపోయిన తెలుగువారును కలరు. వారి యిండ్లలో పిల్లలు రెండు భాషలలో పెరిగిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పదిలక్షలకు పైబడిరి, వారిలో తెలుగువారు లక్షన్నరకు మించిరి. రంగూను నగరపు నాలుగు లక్షల జనములో సగమునకు మించినవారు భారతీయులే. ఇంత జనము ఒక పరాయి రాజధానిని నింపుట అక్కడి వారి మనస్సునకు ఎట్లు తోచెనో మనము కూడ ఆలోచింపవలెను. తన దేశపు రేవులో తనకు పని దొరకని యువకుని కష్టము చిన్నది కాదు.

ఆ కష్టము 1930 మే నెలలో పగిలెను. కూలి పెంచుమని రేవులోని తెలుగు కార్మికులు సమ్మె చేసిరి. కంపెనీలవారు బర్మీయులను తెచ్చి పనిలో పెట్టిరి. బేరము కుదిరి తెలుగువారు పనికి మరలిన యుదయమున, ముందుగా ఒక మాటయైనను చెప్పక, బర్మీయులను పొమ్మనిరి. పనికి సిద్ధపడి వచ్చినవారు అవమానముతో నిలువబడిరి. మాటకు మాట పెరిగి కత్తులవరకు పోయెను. కొన్ని దినములు రంగూను వీధులలో తెలుగువాని ప్రాణమునకు విలువ లేకపోయెను. నూరుమందికి పైగా చచ్చిరి, వందలకొలది గాయపడిరి, వేలకొలది పేదలు తలదాచుకొనుటకు చోటు వెదకికొనిరి. ఆనాడు ఆ నగరమున మేజిస్ట్రేటుగా నుండిన మారిసు కాలిసు తన గ్రంథమున ఈ కథ చెప్పియున్నాడు. నేను చెప్పదలచినది ఒక్కటే: బాటప్రక్క కుండలో నీరు పోసినవానికిని, ఆ నీరు త్రాగినవానికిని పుట్టుకతో వైరము లేదు, ఒక్క కూడు చూపి ఇద్దరిని పోటీకి నిలిపిన పద్ధతియే ఆ రక్తమునకు కారణము. 1937 లో బర్మా భారతదేశమునుండి వేరు చేయబడెను. 1938 లో మరల అల్లరులు చెలరేగెను. అయినను ఓడలు తిరుగుచునే యుండెను.

ఆ ఓడలను నిలిపినది యుద్ధము. 1941 డిసెంబరు 23 న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. వీధిలో నిలిచి ఆకాశము చూచుచున్నవారిలో ఎందరో అక్కడనే కూలిరి. రేవు పనివారు మూటలు కట్టుకొని ప్రోము దారి పట్టిరి. ఓడలలో చోటు డబ్బున్నవారికి, పలుకుబడి యున్నవారికి. పేదవానికి మిగిలినది కాళ్లు. కొందరు ప్రోమునుండి కొండలు దాటి అరకాను తీరమునకు, కొందరు తమూ మీదుగా ఇంఫాలునకు, వెనుకబడినవారు హుకాంగు లోయ బురదలో అస్సామునకు నడచిరి. కలరా, మలేరియా, జలగలు, ఆకలి, వానలు. నాలుగైదు లక్షలమంది భారతీయులు ఆ విధమున ఇల్లు చేరినట్లును, వేలకు వేలు త్రోవలోనే పడిపోయినట్లును చరిత్ర చెప్పుచున్నది. అస్సాము తేయాకు తోటలవారు దారిలో శిబిరములు కట్టి అన్నము పెట్టిరి. దఫా నది పొంగి దారి మూయగా గైల్సు మెక్రెలు అను తోటదొర ఏనుగులను తోలించి ఎందరినో గట్టెక్కించెను. ఆ నడకలో ముఠా కట్టడి లేదు, మేస్త్రీ పద్దు లేదు. అలసినవాని మూట మోయుట, పిల్లను భుజమున నెత్తుకొనుట, ఇక నడువలేనివాని ప్రక్కన ఒక రాత్రి కూర్చుండుట మాత్రమే మిగిలెను. అట్లు ఇల్లు చేరబోవువారికి విధి మరియొక పరీక్ష పెట్టెను: 1942 ఏప్రిల్ 6 న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను, వారు ఓడ యెక్కిన రేవులపైననే, జపాను బాంబులు పడినవి.

యుద్ధానంతరము కొందరు తిరిగి పోయిరి, కొందరు అసలు రానేలేదు. 1962 లో సైన్యము బర్మా ప్రభుత్వమును వశము చేసికొనెను. 1964 మార్చిలో దుకాణములు జాతీయములయ్యెను, మే నెలలో యాబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవనిరి. తాతలనాడు వెళ్లినవారి మనుమలు, తెలుగు మాటాడగలిగియు తెలుగునేల నెన్నడును చూడనివారు, చేతిలో కొద్ది సామానుతో ఓడ దిగిరి. విశాఖపట్టణమున కంచరపాలెము వైపున బర్మా క్యాంపు అను పేట వారి పేరనే నేటికిని పిలువబడుచున్నది. మౌల్మేను మొదలగు చోట్ల నేటికిని కొన్ని తెలుగు కుటుంబములు శ్రీరామనవమి జరుపుకొనుచున్నవి.

పాఠకులారా, మన తీరమండలములలో రంగమునకు మనిషిని పంపని యూరు అరుదు. మీ యింట రంగము టేకు పెట్టె యొకటి మూలనున్నను, పాతకాలపు కార్డుముక్క యొకటి దూలమున చెక్కియున్నను, పెద్దవారిని తాతగారు ఎంత తెచ్చిరని మాత్రమే అడిగి ఊరకుండకుడు. ఎవరితో పోయిరి, ఎవరి ప్రక్కన పడుకొనిరి, ఎవరి చేత ఉత్తరము వ్రాయించిరి, నడిచి వచ్చునప్పుడు ఎవరు చేయి పట్టుకొనిరని అడుగుడు. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. మేస్త్రీ పద్దులో ఆ పేర్లు అప్పు ప్రక్కన వ్రాయబడినవి. మనము వానిని తోడు ప్రక్కన వ్రాసి ఉంచవలెను.