'పొరపాటున' వేరు, 'అక్రమంగా' వేరు: ఇంగ్లీషు ఫిర్యాదులో క్రియా విశేషణాలు

తెలుగులో 'తప్పుగా' అన్న ఒక్క మాటతో చాలా పనులు నడిచిపోతాయి. పేరు తప్పుగా రాశారు, కేసు తప్పుగా పెట్టారు, భూమి తప్పుగా పట్టా చేశారు అంటాం. ఇంగ్లీషులో ఈ మూడు చోట్లా మూడు వేర్వేరు మాటలు పడతాయి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో తహసీల్దారుకో, పోలీసులకో అర్జీ తెలుగులోనే ఇవ్వవచ్చు. అదే వ్యవహారం హైకోర్టుకు చేరితే కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారతాయి. ఆ మార్పులో ఒక్క క్రియా విశేషణం తారుమారైతే నేరం కాస్తా పొరపాటుగా కనిపిస్తుంది.

ఏ మాట ఏం చెబుతుంది?

'మిస్టేకెన్లీ', 'ఇనడ్వర్టెంట్లీ' అంటే తెలియక, చూసుకోక అని అర్థం. ఈ మాట రాసిన మరుక్షణం అవతలి మనిషికి దురుద్దేశం లేదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. 'రాంగ్లీ' అంటే జరిగింది సరైనది కాదని మాత్రమే. ఎందుకు జరిగిందో అది చెప్పదు. 'ఇంప్రాపర్లీ' అంటే పద్ధతి పాటించలేదని. 'నెగ్లిజెంట్లీ' అంటే తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదని. 'ఫాల్స్‌లీ' అంటే నిజం కానిదాన్ని నిజమన్నట్టు చెప్పడం. మనిషి చేసిన పనికి ఈ మాట వాడితే అబద్ధమని తెలిసే చేశాడన్న ధ్వని వస్తుంది. 'రాంగ్‌ఫుల్లీ' అంటే ఇంకొకరి హక్కును కాలరాస్తూ, అక్రమంగా అని. 'రాంగ్లీ'కీ దీనికీ అక్షరాల్లో తేడా కొంచెమే, కోర్టులో మాత్రం చాలా.

చట్టంలో ఈ మాటలు

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చదివితే ఈ తేడా తెలుస్తుంది. సెక్షన్ 3(1)లోని ఎఫ్, జి క్లాజులు దళితుల, ఆదివాసీల భూమిని 'రాంగ్‌ఫుల్లీ' ఆక్రమించడాన్ని, వారిని భూమి నుంచి వెళ్లగొట్టడాన్ని నేరంగా చెబుతాయి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ మాటకు వివరణ కూడా ఇచ్చింది. బాధితుల ఇష్టానికి విరుద్ధంగా, సమ్మతి లేకుండా, ప్రాణభయమో దెబ్బల భయమో పెట్టి సమ్మతి తీసుకుని, లేదా భూమి రికార్డులు సృష్టించి చేసినవన్నీ దాని కిందికి వస్తాయి. కాబట్టి దొంగ రికార్డుతో భూమి పోయినప్పుడు 'పేరు మిస్టేకెన్లీ నమోదైంది' అని రాస్తే, చట్టం ఇచ్చిన ఆయుధాన్ని మనమే కింద పెట్టినట్టు.

అదే సెక్షన్ ఆర్ క్లాజులో 'ఇంటెన్షనల్లీ' ఉంది. అంటే ఉద్దేశపూర్వకంగా అవమానించడం, బెదిరించడం. ఆ పని కించపరచాలన్న ఉద్దేశంతో, పది మందికి కనిపించే చోట జరగాలి. సెక్షన్ 4లో 'విల్‌ఫుల్లీ' ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ చట్టం కింద తన విధులను కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. ఇక్కడ 'నెగ్లిజెంట్లీ' అని రాస్తే సరిపోదు. నిర్లక్ష్యం బుద్ధిపూర్వకమని చూపాలి.

'ఫాల్స్' ఒక లెక్క, 'మిస్టేక్' ఇంకో లెక్క

పోలీసులు మూసేసిన కేసులను జాతీయ నేర రికార్డుల బ్యూరో వేర్వేరు పద్దుల్లో చూపిస్తుంది. అబద్ధమని తేల్చినవి ఒక పద్దు. వాస్తవంలోనో చట్టంలోనో పొరపాటు, లేదా సివిల్ తగాదా అన్నవి ఇంకొకటి. నిజమే కానీ సాక్ష్యం చాలనివి మరొకటి. అట్రాసిటీ కేసులన్నీ 'ఫాల్స్‌లీ' పెట్టినవే అని ఎవరైనా అంటే, ఏ పద్దు లెక్క చెబుతున్నారని అడగండి. సాక్ష్యం చాలకపోవడం అబద్ధం ఆడటం కాదు.

మాట ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లీషులో క్రియా విశేషణం ఏ మాట పక్కన నిలబడితే సాధారణంగా దానికే అంటుకుంటుంది. 'రాంగ్లీ రెఫ్యూజ్డ్ ద కంప్లైంట్' అంటే తిరస్కరించడం తప్పు. 'రెఫ్యూజ్డ్ ద రాంగ్లీ ఫైల్డ్ కంప్లైంట్' అంటే ఫిర్యాదే తప్పు. మాట జరిగితే నింద అధికారి మీద నుంచి బాధితుల మీదికి జరుగుతుంది.

కర్త లేని వాక్యంతోనూ జాగ్రత్త. 'పేరు తప్పుగా నమోదైంది' అంటే ఎవరు నమోదు చేశారో తెలియదు. తెలిస్తే ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద చేశారో రాయాలి. ఉత్త 'ఇంటెన్షనల్లీ' దేన్నీ రుజువు చేయదు. అంతకు ముందు ఏమన్నాడు, ఎవరు విన్నారు అన్నది పక్క వాక్యంలో ఉండాలి. ఉద్దేశం తెలియనప్పుడు ఊహించి పెద్ద మాట వాడకుండా జరిగింది జరిగినట్టు రాయడమే మేలు.

నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలని సెక్షన్ 4(2) చెబుతోంది. నమోదైన ఫిర్యాదు ప్రతి కూడా వెంటనే ఇవ్వాలి. చదువుతున్నప్పుడు పేర్లు, తేదీలతో పాటు 'పొరపాటున', 'అక్రమంగా', 'కావాలని' లాంటి మాటల దగ్గర ఆపి అడగండి. మీరు అన్న మాట అక్కడ లేకపోతే సరిచేసే దాకా సంతకం పెట్టకండి.