వంశవృక్షానికి వోచర్లున్నాయా?

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. చరిత్రకారుణ్ణి కాను. అయినా ఒక స్వీడిష్ అమెరికన్ కుటుంబం చరిత్ర వెతికే పనిలో తలదూర్చాను. ఎలా దూర్చానో చెబుతాను.

మా అమ్మాయి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దాయనతో కలిసి ఉదయం నడక అలవాటైంది. ఆయన ముత్తాత స్వీడన్ నుంచి వలస వచ్చినవాడు. వాళ్ళ ఇంటిపేరుకు స్వీడిష్ భాషలో కత్తి అని అర్థమట. (పేరు ఇక్కడ రాయను, అది ఆయన సొంత విషయం.) వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇదీ: ముత్తాత గొప్పింటి బిడ్డ, సైన్యంలో ఆఫీసరు, 1869లో అమెరికా వచ్చాడు, ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాకు నోరు తిరగక ఇంటిపేరును సగానికి కోసేశాడు.

"ఎల్లిస్ ఐలాండ్ ఆఫీసు ఎప్పుడు తెరిచారండీ?" అని అడిగాను. ఆయనకు తెలియదు. ఆ రాత్రి చూస్తే 1892 జనవరి 1 అని ఉంది. అంటే ముత్తాత ఓడ దిగిన ఇరవై రెండేళ్ళ పైచిలుకు తర్వాత! ఆఫీసు పుట్టకముందే ఆ ఆఫీసు గుమాస్తా సంతకంతో బిల్లు వస్తే ఆడిటర్ ఏం చేస్తాడో మీకు తెలుసు.

1869లో న్యూయార్క్‌లో దిగినవాళ్ళు వెళ్ళింది కాసిల్ గార్డెన్‌కు. అది 1855 నుంచి 1890 దాకా నడిచింది. పోనీ ఎల్లిస్ ఐలాండ్‌లోనైనా గుమాస్తాలు పేర్లు మార్చలేదు. ఓడ ఎక్కిన రేవులోనే తయారైన ప్రయాణికుల జాబితా వాళ్ళ ముందుండేది. దానితో సరిచూసుకోవడమే వాళ్ళ పని. పేర్లు మార్చుకున్నది చాలావరకు వలస వచ్చినవాళ్ళే. యోహాన్సన్లు జాన్సన్లయ్యారు, అంతే. అయినా ఈ గుమాస్తా కథ అమెరికాలో ఇంటింటా ఉంది. ఒకే కథ ఇన్ని ఇళ్ళలో ఉందంటేనే మనలాంటివాళ్ళకు అనుమానం రావాలి కదా!

పెద్దాయన నొచ్చుకోలేదు. "అయితే మీరే వెతికి పెట్టండి" అన్నారు. సరే అన్నాను.

పద్ధతి మాత్రం ఆఫీసులో నేర్చుకున్నదే. తెలిసిన ముగింపు నిల్వ నుంచి వెనక్కి నడవాలి. 1900 అమెరికా జనాభా లెక్కల్లో 'ఏ ఏడు వలస వచ్చారు?' అన్న ప్రశ్న ఉంది. అందులో 1869 దొరికింది. 1890 లెక్కల్లో చాలా భాగం 1921 అగ్నిప్రమాదంలో పాడైంది, కాబట్టి అక్కడ ఒక పుట ఎగిరిపోయినట్టే. పుట్టిన ఊరు మాత్రం జనాభా లెక్కల్లో దొరకదు, 'స్వీడన్' అని ఊరుకుంటారు. అది దొరికింది ఆ ఊరి స్వీడిష్ లూథరన్ చర్చి పుస్తకంలో. 1860లో ఏర్పడిన అగస్టానా సినడ్ చర్చిలు స్వదేశంలో లాగానే పుస్తకాలు నడిపాయి. పుట్టిన తేదీ, స్మోలాండ్ ప్రాంతంలోని పారిష్ పేరు రెండూ అందులో ఉన్నాయి.

ఇక స్వీడన్ వైపు. హేతువాదులం కాబట్టి ఈ సంగతి మనకు మరీ ఆసక్తికరం. 1686 నాటి చర్చి చట్టం ప్రకారం ప్రతి పాదిరీ తన పారిష్‌లో పుట్టుక, పెళ్ళి, చావు రాయాలి. అంతేకాదు, ఇంటింటికీ సంబంధించి పరీక్ష పెట్టాలి: చదవడం వచ్చా? లూథర్ ప్రశ్నోత్తరాలు కంఠతా వచ్చా? వాటికి గుర్తులు వేయడానికి గడులు. ఊరు వదిలితే ఎక్కడికి, ఎప్పుడు అన్నది మరో పుస్తకం. జనం నమ్మకం మీద కాపలాగా మొదలైన ఈ రాత, ఆ నమ్మకంతో నిమిత్తం లేకుండా ఈనాడు మనిషిని మనిషిగా నిరూపించే సాక్ష్యమైంది! ఈ లెక్కల ఆధారంగానే 1749 నుంచి స్వీడన్ జాతీయ జనాభా గణాంకాలు తయారుచేసింది. జనాభా నమోదు పని చర్చి చేతిలోంచి పన్నుల శాఖకు మారింది 1991లో. ఈ పుస్తకాల ఫొటోలను అక్కడి జాతీయ ఆర్కైవ్స్ 2018 నుంచి ఉచితంగా చూడనిస్తోంది. నేను ఒక ముప్పై స్వీడిష్ మాటలు నేర్చుకుని కూర్చున్నాను.

మొదట తప్పు చేశాను. అదే పారిష్‌లో అదే పేరుతో ఒక పిల్లవాడు దొరికాడు. ఏడాదిన్నర తేడా ఉంటే పాదిరీ పొరపాటనుకుని సర్దేసుకున్నాను. వారం తర్వాత మరణాల పుస్తకం తిరగేస్తే ఆ పిల్లవాడు నాలుగేళ్ళకే చనిపోయాడు! చనిపోయినవాడికి ఓడ టికెట్టు కొనిపెట్టానన్నమాట. తేడాను సర్దకూడదు, ఎందుకొచ్చిందో వెతకాలి అని జూనియర్లకు ఎన్నిసార్లు చెప్పానో!

అసలు మనిషి దొరికాక సంగతి ఇలా తేలింది. వలసపోయినవారి పుస్తకంలో 1869, 'ఉత్తర అమెరికా' అని ఉంది. 1867లో చలికి, 1868లో ఎండకు పంటలు పోయి స్వీడన్‌లో జనం ఆకలితో మాడిన రోజులవి. 1850 నుంచి 1930 దాకా సుమారు 12 లక్షల మంది స్వీడన్ వదిలి అమెరికా వెళ్ళారు. ఈయన వృత్తి గడిలో ఆఫీసరు అని లేదు, పాలేరు అని ఉంది. పుట్టుక పుస్తకంలో తల్లి పేరుంది, వృత్తి పనిమనిషి. తండ్రి గడి ఖాళీ. పక్కన 'అక్రమ సంతానం' అనే అర్థమిచ్చే ఒక్క మాట.

మరి కత్తి పేరెక్కడిది? తల్లి తర్వాత ఒక సిపాయిని పెళ్ళాడింది. అప్పట్లో స్వీడన్‌లో కొన్ని పొలాల రైతులు కలిసి ఒక సిపాయిని పోషించేవారు, ఉండటానికి గుడిసె, చారెడు నేల ఇచ్చేవారు. 1682 ప్రాంతంలో మొదలైన ఈ ఏర్పాటు 1901 దాకా సాగింది. ఒక కంపెనీలో నలుగురు ఆండర్స్ ఆండర్సన్లుంటే పిలుపుకెవరు పలకాలి? అందుకని సైన్యమే పొట్టి పేర్లు పెట్టేది: కత్తి, డాలు, ధైర్యశాలి, చురుకైనవాడు. మా పే ఆఫీసులో ఒకే పేరు సిపాయిలు ఎందరున్నా ఆర్మీ నంబరు చూసి జీతం వేసేవాళ్ళం. వాళ్ళు పేరుతోనే ఆ పని చేశారు. పైగా ఒక సిపాయి దిగిపోతే ఆ గుడిసెలోకి వచ్చిన కొత్తవాడికి చాలాసార్లు అదే పేరు దక్కేది, చుట్టరికం లేకపోయినా. అంటే పెద్దాయన వంశగౌరవంగా మోస్తున్న కత్తి ముత్తాత రక్తంలోది కాదు, మారుతండ్రిది. ఆ మారుతండ్రికీ అది సైన్యం ఇచ్చింది.

ఇలాంటివి అనామకుల ఇళ్ళలోనే ఉంటాయనుకోకండి. అదే మిన్నెసోటాలో ఉలా మోన్సన్ అనే స్వీడిష్ పార్లమెంటు సభ్యుడి కథ ఉంది. లంచం, బ్యాంకు నిధుల దుర్వినియోగం ఆరోపణల్లో చిక్కుకుని 1859లో భార్యనూ పిల్లల్నీ వదిలేసి, మరో స్త్రీతో, ఆమెకు తనవల్ల పుట్టిన పసివాడితో అమెరికా చేరాడు. ఆగస్ట్ లిండ్‌బర్గ్ అని పేరు మార్చుకున్నాడు. ఆ పసివాడు పెద్దయి 1907 నుంచి 1917 దాకా అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. అతని కొడుకే 1927లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమానచోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్. ఆ చార్లెస్ 1939లో శ్వేతజాతి రక్తవారసత్వాన్ని కాపాడుకోవాలని పత్రికలో వ్యాసం రాశాడు! ఆయన పోయిన చాలా కాలానికి, 2003లో, జర్మనీలో మరో ముగ్గురు పిల్లలకు ఆయనే తండ్రి అని డీఎన్ఏ పరీక్ష తేల్చింది. రక్తం గురించి ఎక్కువ మాట్లాడేవాళ్ళ ఖాతా పుస్తకాలు ముందుగా చూడాలేమో.

తిరిగి మా పెద్దాయన దగ్గరికి వస్తాను. కాగితాలన్నీ ఆయన బల్ల మీద పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా అక్కయ్యకు తొంభై ఒకటి. ఈ వయసులో ఆమెకిది చెప్పాలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చివరి కాగితం ఒకటి చేతికిచ్చాను. ఆ తల్లిది. సిపాయి చనిపోయాక ఆమె పేరు పక్కన 'ఊరి ధర్మం మీద బతికే పేద' అని రాసి ఉంది. కొడుకు అమెరికాలో 160 ఎకరాలు సాగుచేస్తున్న రోజులవి.

స్వీడన్‌లో 1778లోనే ఒక చట్టం వచ్చింది. శిశుహత్యలు తగ్గాలని, పెళ్ళికాని తల్లి పేరు చెప్పకుండా కనవచ్చునని రాజు అనుమతించాడు. ఈమె ఆ వెసులుబాటు వాడుకోలేదు. తన పేరు రాయించుకుని బిడ్డను పెంచింది. రాని ఆఫీసరు తండ్రికి ఇంట్లో ఇన్నేళ్ళూ కుర్చీ వేశారు. ఉన్న తల్లి పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కట్టుకథ వల్ల ఎవరికేం నష్టం అని అడుగుతుంటారు కదా, ఇదీ నష్టం. లేనివాణ్ణి నిలబెట్టడానికి ఉన్నమనిషిని కొట్టేయాల్సి వస్తుంది.

నాలుగు రోజుల తర్వాత పెద్దాయన పిలిచారు. అక్కయ్యకు చెప్పేశారట. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఆమె పేరేమిటి?" అని. గోడ మీది వంశవృక్షంలో తండ్రి గడి ఖాళీగా ఉంచి, తల్లి గడిలో ఆ పేరు రాయించారు.

ఇంటికొచ్చాక మా వంశవృక్షం తీశాను. మా పూర్వీకులు ఒక సంస్థానంలో దివాన్లని మా నాన్న చెప్పేవారు. దానికి ఒక్క కాగితం లేదు. ఆధారం దొరకని మొత్తాన్ని మేము సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం, దివాన్‌గిరీని అందులో వేశాను. అది పెద్ద బాధ కాదు. ఎనిమిది తరాల ఆ చెట్టులో అన్నీ మగ పేర్లే. ఒక్క ఆడపేరు లేదు. మా ముత్తవ్వ పేరేమిటో చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా మిగిలారేమోనని ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాను.