హరితగృహ సూక్ష్మ వాతావరణం – టమాటా పెరుగుదల

హరితగృహంలో మొక్క చుట్టూ ఉండే వేడి, తేమ, వెలుతురు, గాలి కదలికలను కలిపి సూక్ష్మ వాతావరణం అంటారు. టమాటాకు పగలు 21–27, రాత్రి 15–20 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అన్నిటికన్నా సున్నితమైన దశ పూత. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ కోల్పోయి పూలు రాలిపోతాయి. రాత్రులు చల్లబడకపోయినా కాపు తగ్గుతుంది. గాలిలో తేమ 60–80 శాతం ఉండాలి; అంతకు మించితే పుప్పొడి ముద్దకట్టి కేసరాల్లోనే ఉండిపోతుంది, బూజు తెగుళ్లూ చేరతాయి.

టమాటాది స్వపరాగ సంపర్కమే అయినా పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. ఆరుబయట ఆ పని గాలి, పురుగులు చేస్తాయి. మూసిన గృహాల్లో మనుషులే గుత్తి గుత్తినీ కంపన పరికరంతో కదిలించేవారు. 1980ల చివర బెల్జియం, నెదర్లాండ్స్‌లలో ఆ పనికి బంబుల్ బీలను వదలడం మొదలైంది. హరితగృహ టమాటా సాగులో ఇంత మేలైన మార్పు అరుదు.

పూత దాటాక కాయకూ సూక్ష్మ వాతావరణం ముఖ్యమే. మొక్కలో కాల్షియం నీటితోపాటే కదులుతుంది. వేడి, పొడి గాలిలో ఆకులే దాన్ని లాగేసుకోవడంతో కాయ అడుగు నల్లబడుతుంది. కాయ పండేటప్పుడు 30 డిగ్రీలు దాటితే సరిగా ఎరుపెక్కదు.

తెలుగు నేలపై వేసవిలో, గాలి బయటికి పోయే దారిలేని పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పిన హరితగృహం) ఆరుబయటికన్నా వేడెక్కుతుంది. ఇక్కడి రైతు ముందుగా చూసుకోవాల్సింది పైకప్పు కిటికీలు, నీడ వలలే.