పాలంపేట శిలపై నొక నూతన సంవత్సర సంకల్పము

క్రొత్త సంవత్సరము వచ్చినదనగానే ప్రతి యింటను ఏదో యొక సంకల్పము పుట్టును. ఇంటి యజమాని రేపటినుండి వేకువనే లేచి నాలుగడుగులు నడువవలయు ననుకొనును. ఇల్లాలు వంటలో నూనె తగ్గింపవలయు ననుకొనును. కాఫీ మానదలచువారు కొందరు, చుట్ట మానదలచువారు కొందరు, రాత్రి భోజనమును ప్రొద్దుండగనే ముగింపదలచువారు మరికొందరు. ఈ తలపులలో చెడ్డది యొక్కటియు లేదు. కాని పక్షము తిరుగకుండగనే వీనిలో పెక్కులకు మనము నీళ్లు వదలుకొందుము. సంకల్పము చేయుట సులభము. దానిని నిలుపుట యెట్లు? ఈ ప్రశ్నకు ఒక సమాధానము, ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిదై నేడు ములుగు జిల్లాలోనున్న పాలంపేట గ్రామమున, ఎనిమిది వందల సంవత్సరములకు పూర్వమే రాతిపై చెక్కబడి యున్నది.

పాలంపేట యనగానే రామప్పగుడి స్మరణకు వచ్చును. గర్భగుడిపైని విమానమునకు వాడిన నీట తేలు ఇటుకలను, చూరుల క్రింద నిలిచిన నల్లరాతి మదనికలను గూర్చి వినని తెలుగువారు అరుదు. 1922లో గులాం యజ్దానీ ఈ ఆలయములను గూర్చి ప్రత్యేక గ్రంథమును ప్రకటించెను. 2021 జూలై 25న ఈ రుద్రేశ్వరాలయము ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేరినది. శిల్పమును గూర్చి పెద్దలు పెక్కుమార్లు ముచ్చటించి యున్నారు. ఇచట మనకు కావలసినది ఆలయ ప్రాంగణమున నిలిచిన శాసన స్తంభముపైని తేది మాత్రమే.

ఆ తేది శాలివాహన శకము 1135, శ్రీముఖనామ సంవత్సరము, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారము. ఇంగ్లీషు లెక్క ప్రకారము 1213 మార్చి 31. చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది గదా! అనగా వేపపూత పచ్చడి తిన్న ఏడవనాడు, క్రొత్త పంచాంగము ఇంకను క్రొత్తగా నున్నపుడే, కాకతి గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు ఈ ఆలయమున దేవుని ప్రతిష్ఠించి, దాని పోషణకు గ్రామములను ధారపోసెను. చిత్రమేమనగా, ఆ కాలమున ఇంగ్లండు దేశమున సైతము సంవత్సరాది జనవరి ఒకటవ తేది గాదు, మార్చి 25. అచట జనవరి ఒకటి సంవత్సరాదిగా చట్టబద్ధమైనది 1752లో. కావున ఏ లెక్కను చూచినను రుద్రుని దానము నూతన సంవత్సరపు మొదటి వారమునకే చెందును.

మన పూజలలో సంకల్పము చెప్పు పద్ధతిని ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. ఏ దేశమున, ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ తిథిని, ఏ గోత్రమువాడు, ఏ పేరివాడు, ఏ కార్యమును చేయనున్నాడో స్పష్టముగా చెప్పి, పిమ్మట నీరు విడుతురు. దానశాసనముల రీతియు ఇట్టిదే. చోటు, కాలము, కర్త, కార్యము, ఆ కార్యమునకు కావలసిన వనరు అన్నియు అందు కానవచ్చును. “ఈ యేడు ఆరోగ్యముగా నుందును” అను మన సంకల్పమున ఈ అయిదింటిలో ఎన్ని యున్నవో మనమే లెక్క చూచుకొనవచ్చును.

రుద్రుడు తీరికగా కాలము గడపిన సామంతుడు గాడు. కాకతి మహాదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మరణించి, బాలుడగు గణపతిదేవుడు శత్రువులచే చిక్కినపుడు, చెదరిపోనున్న రాజ్యమును నిలువబెట్టినవాడు ఇతడే. 1199 ప్రాంతమున గణపతిదేవుడు విడుదలయై రాజ్యమునకు వచ్చెను. అటుపిమ్మట పదునాలుగేండ్లకు పాలంపేట శాసనము వెలసినది. రాజ్యమును కాపాడిన చేయి, శాంతికాలమున గుడిని కట్టినది. గుడికి సుమారు అర మైలు దూరముననున్న రామప్ప చెరువును సైతము చరిత్రకారులు ఆ కాలపు నిర్మాణముగనే గణింతురు. మూడువైపుల కొండలు, నాలుగవవైపున ఒక్క పెద్ద మట్టికట్ట. ప్రకృతి మూడుపాళ్లు చేసి యుంచిన పనిని మనుష్యుడు నాలుగవ పాలు చేసి పూర్తిచేసినాడు. మనము సంకల్పము చెప్పి నీరు విడుతుము. ఆనాటివారు సంకల్పించి నీరు నిలిపినారు.

ఆ నీటితో పండినదేమి? చెరువు క్రింది మాగాణిలో వరి, మెట్టభూములలో జొన్న, సజ్జ, కొర్ర మొదలగు ధాన్యములు, కంది పెసలు, నువ్వులు. నూనె యనగా గానుగలో ఆడిన నువ్వులనూనె. నేడు మన వంటింట నిత్యమై పోయిన పెక్కు వస్తువులు ఆనాడు లేవు. మిరపకాయ లేదు, టమాట లేదు, బంగాళాదుంప లేదు, వేరుశనగ లేదు. ఇవన్నియు అమెరికా ఖండములలో పుట్టి, 1498లో వాస్కోడిగామా కళ్లికోటకు వచ్చిన పిమ్మట, క్రమక్రమముగా మన దేశమునకు చేరినవి. కాకతీయుల నాటి కారము మిరియాల కారము. 1244-45 నాటి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనమున ఓడరేవు సుంకముల పట్టికలో కర్పూరము, చందనములతో పాటు మిరియములు సైతము కలవు. ఇప్పుడో, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టు మిరపకాయలకే ప్రసిద్ధి. “మా తాతముత్తాతల వంట” యని మనము గర్వించు ఎఱ్ఱని పచ్చడి కాకతి రుద్రమదేవి రుచి యెరుగనిది. ఆహారపు టలవాట్లు మారవనువారికి ఇంతకంటె మంచి సమాధానము లేదు. మన అలవాట్లు ఎన్నోసార్లు మారినవి. ఎటు మారవలయునో మనము నిర్ణయించుకొనవచ్చును.

అయితే ప్రాచీనుల భోజనమంతయు అమృతమని భ్రమపడరాదు. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన ‘క్రీడాభిరామము’న ఓరుగల్లు పూటకూటి యింటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూకకు సన్నన్నము, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, క్రొత్త పెరుగు. వినుటకే నోరూరును. కాని అది రూక చేతనున్న నాగరకుని విందు. చేలో దున్నువాని నిత్యభోజనము గాదు. జొన్నకూటిని హేళన చేయు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని ప్రచారములో నున్నవి. సన్నబియ్యము గౌరవము, జొన్న సంకటి లేమి యను భావము ఈనాడు పుట్టినది గాదు. ఆ భావమే మన ఆరోగ్యమును ఎంత దూరము తీసికొనిపోయినదో ముందు చూతము.

ఆహారమును ఆరోగ్యమును ఒక్కచోట చేర్చి యోచించిన దృష్టి సైతము ఆ కాలముననే కలదు. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురము శాసనము కృష్ణాతీరమున మందడము గ్రామమునందలి గోళకీ మఠ వ్యవస్థను వర్ణించును. అందు విద్యార్థులకు చదువు, బాటసారులకు అన్నసత్రము, రోగులకు ఆరోగ్యశాల, తల్లులకు ప్రసూతిశాల ఏర్పడినవి. వైద్యునికి జీవనము కల్పింపబడినది. బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు ఆకొని వచ్చిన వారికెల్లరకు అన్నము పెట్టవలయునని శాసనము విధించినది. అన్నము, మందు, పురుడు ఒకే ధర్మమునకు అంగములని వారెరిగిరి.

ఇక సన్నబియ్యపు కథ. రోటిలో దంచిన బియ్యమునకు తవుడు కొంత మిగిలి యుండెడిది. మరబియ్యము వచ్చి, ముత్యమువలె తెల్లనైన పిమ్మట, అన్నముతోపాటు ఒక రోగము విస్తరిలోనికి వచ్చినది. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుష్యులు మరణించుచుండిరి. జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, పాలిషు పట్టిన బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి జబ్బే కలుగుటను, తవుడు పెట్టగా కుదురుటను కనుగొనెను. దానికిగాను 1929లో అతనికి నోబెల్ బహుమానము లభించినది. తవుటితో కొట్టుకొనిపోవునది థయమిన్ అను విటమినని పిమ్మట తేలినది. మన దేశమున ఈ రోగము మిక్కిలి పీడించిన ప్రాంతములలో ఉత్తర సర్కారు జిల్లాలు, అనగా మన కోస్తా తెలుగుసీమ, ముఖ్యమైనవి. పచ్చి మరబియ్యము తినుటయే అందులకు కారణము. ఉప్పుడు బియ్యము తినుచోట్ల ఆ రోగము అంతగా లేదు. ధాన్యమును ఉడికించునపుడు తవుటిలోని విటమిను కొంత గింజలోనికి దిగును.

ఈ రోగమును పరిశోధించుటకే 1918లో కూనూరులో రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు ఒక చిన్న శాఖను నెలకొల్పెను. అది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. తెలుగువారి విస్తరిలోని తెల్లన్నమునకు, తార్నాకలోని ఆ పెద్ద భవనములకు ఇంతటి దగ్గర చుట్టరికము కలదు.

బెరిబెరి నేడు అరుదైనది. దాని స్థానమున మరియొకటి వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి సర్వేక్షణము 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము దేశమున మధుమేహ రోగులు సుమారు 10 కోట్ల 10 లక్షలు. తెల్లన్నము ఒక్కటియే కారణమనుట అన్యాయము. కదలని కొలువులు, చక్కెర పానీయములు, తరిగిన నిద్ర, వంశపారంపర్యము అన్నియు పాలుపంచుకొన్నవి. అయినను ఒక మాట నిజము. చేలో పగలంతయు పనిచేసిన తాత తిన్నంత అన్నమును, కుర్చీలో కూర్చున్న మనుమడు తినుచున్నాడు. తాత తిన్న జొన్నను మాత్రము మానినాడు. ఐక్యరాజ్యసమితి మన దేశపు ప్రతిపాదనపై 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించినది. చాటువులలో నవ్వులపాలైన ధాన్యమునకు లోకము పీట వేసినది. మన యింట దానికి చోటున్నదా?

ఇచటనే పాలంపేట పాఠము అక్కరకు వచ్చును. చెరువు త్రవ్వించిన పెద్దలు అంతటితో చేతులు దులుపుకొనలేదు. చెరువును త్రవ్వించి మరమ్మతు చూచువారికి దశబంధమను పేర భూమిని, పంటలో భాగమును కేటాయించుట మన సీమలో ఆచారమై యుండెను. కట్టకు గండి పడకముందే దానిని పూడ్చువాని కూలి నిర్ణయమై యున్నది. కాకతీయ రాజ్యము 1323లో కూలినది. చెరువు మాత్రము నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. తరువాతి తరములవారు తట్టెడు మట్టి మోసి, కట్టను కాపాడుచు వచ్చుటయే అందులకు కారణము.

మన సంకల్పమునకును దశబంధము కావలయును. “ఉప్పు తగ్గింతును” అనుట కోరిక. ఇంటిలో ఒక్కొక్కరికి దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదను ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాను అనుసరించి, నెలసరి ఉప్పును ముందే కొలిచి డబ్బాలో పోయుట సంకల్పము. ఊరగాయ, అప్పడము, చిరుతిండ్లలోని ఉప్పు సైతము ఈ లెక్కలోనిదే. “కూరలు ఎక్కువగా తిందుము” అనుట కోరిక. కూరలు పండ్లు కలిపి తలకు దినమునకు 400 గ్రాములని లెక్కించి సంతకు సంచి పట్టుకొనిపోవుట సంకల్పము. “నడచెదను” అనుట కోరిక. వారమునకు 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున, ఏ వేళ, ఏ బాటను, ఎవరితో నడుచుటయో నిర్ణయించుట సంకల్పము. వారమున రెండు రాత్రులు జొన్నరొట్టెయో కొర్రన్నమో యని నిశ్చయించినచో, పిండి మరనుండి తెచ్చు భారము ఎవరిదో కూడ నిశ్చయింపవలయును. లేనిచో ఆ భారమంతయు ఇల్లాలిపై పడి, ఆమె అలసట తోడనే సంకల్పమును అలసిపోవును. మధుమేహము, రక్తపుపోటు కలవారు మాత్రము వైద్యుని అడిగియే ఆహారమును మార్చుకొనవలయును.

ఒకనాడు తప్పినచో ఏమగును? కట్టకు చిన్న గండి పడినదని ఎవ్వరును చెరువును వదలి పోరు. మరునాడు మట్టి వేయుదురు. పండుగనాడు నాలుగు బూరెలు ఎక్కువ తిన్నవాడు, “ఇక నావలన కాదు” అని సంవత్సరమంతటిని వదలుకొన నక్కరలేదు. మరునాటి ఉదయము మరల నడకకు బయలుదేరినచో చాలును.

ఉగాది పచ్చడిలో చేదును మనము పారవేయము, బెల్లమును మోతాదు మించి వేయము. ఆరు రుచులు ఒక్క గిన్నెలో తమతమ పాళ్లలో నుండుటయే దాని ఆరోగ్యము. ఆ పచ్చడి నాలుకకు తగిలిన ఏడవనాడు, చైత్ర శుద్ధ అష్టమినాడు, పాలంపేటను ఒక్కసారి స్మరింతము. మనకు శిలాస్తంభములు అక్కరలేదు. వంటింటి గోడపై క్యాలెండరున ఆ తేదిని గుర్తించి, ప్రక్కన ఇంటివారి పేరులు, చేయదలచిన పని, దానికి కావలసిన దినుసు వ్రాసికొన్న చాలును. పిల్లలు దానిని చదువుదురు, తప్పినపుడు మనలను అడుగుదురు. అట్లు అడుగువారుండుటయే సంకల్పమునకు కట్ట.