తుమున్నర్థకం, ఇంగ్లీషు ‘టు’: తెలుగువారి అభ్యాసం

ఇంగ్లీషులో ‘టు గో’, ‘టు సీ’ వంటి, కాలమూ పురుషా వచనమూ సోకని క్రియారూపం ఇన్ఫినిటివ్. తెలుగు వ్యాకరణంలో దీనికి దగ్గరి చుట్టం తుమున్నర్థకం. పేరు సంస్కృతానిది. ‘గంతుమ్’ (వెళ్లడానికి), ‘ద్రష్టుమ్’ (చూడడానికి) అన్న మాటల చివరి ‘తుమ్’కు పాణిని పెట్టిన పేరు తుమున్. ఒక పని కోసం మరో పని చేస్తున్నప్పుడు ఈ ప్రత్యయం వస్తుందని అష్టాధ్యాయి మూడో అధ్యాయం మూడో పాదంలో ఉంది. తిరుపతిలో అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లెక్కబోతున్న స్థానికులను ఎందుకొచ్చారని అడిగితే వినబడే జవాబు ఆ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది: “స్వామిని చూసేదానికి వచ్చినాం.”

ఈ ‘చూసేదానికి’ చిత్తూరు వైపు పలుకుబడి. అనంతపురం, కర్నూలు వైపు ‘చూసేకి’ అంటారు, పుస్తకాల్లో ‘చూడడానికి’ అని రాస్తారు. మూడింటి చివరా ‘కి’ ఉంది. ఇంగ్లీషు మాట్లాడబోయే తెలుగువాడి నోట ఈ ‘కి’ తిన్నగా ‘ఫర్’ అయి కూర్చుంటుంది. ‘వి కేమ్ ఫర్ సీయింగ్ స్వామి’ అన్న వాక్యం అలా పుడుతుంది. ‘దర్శనానికి’ అనుకుంటే ‘ఫర్ దర్శన్’ తప్పుకాదు, దర్శనం నామవాచకం కాబట్టి. ‘చూడడానికి’ అనుకుంటే మాత్రం ‘టు సీ’ అనాలి. మొదటి అభ్యాసం ఇదే: ‘కి’కి ముందున్నది పేరా, పనా అని చూసుకోవడం.

దాక్కున్న నకారం

తెలుగులో అసలు తుమున్నర్థకం ‘చేయడానికి’ కాదు. అది ‘చేయన్’, ‘వినన్’, ‘రాన్’ అన్నట్టు ‘అన్’తో ముగిసే పాత రూపం. ఒంటరిగా అది గ్రాంథికంలోనే మిగిలింది గానీ, వేరే క్రియను ఆనుకుని మన నోట్లో రోజూ తిరుగుతోంది. ‘చేయన్’ పక్కన ‘కలను’ చేరితే ‘చేయగలను’. ‘పోయాడు’ చేరితే ‘చేయబోయాడు’. ‘తగిన’ చేరితే ‘చేయదగిన’. క గగా, ప బగా, త దగా మారడానికి కారణం ఆ నకారమే. దీన్నే ద్రుతం అంటారు. తాను పోయినా పక్కవాడి మీద గుర్తు వదిలి వెళ్లింది. ‘రానివ్వు’, ‘పోనివ్వు’లలో పోకుండా కళ్లెదుటే ఉంది. ‘చేయవలెను’ నలిగి ‘చేయాలి’ అయింది, రాయలసీమలో అదే ‘చేయాల’, ‘చేయల్ల’.

సి.పి. బ్రౌన్ 1840లో అచ్చు వేసిన తెలుగు వ్యాకరణంలోనూ, మచిలీపట్నం మిషనరీ ఆర్డెన్ 1873లో తెచ్చిన వ్యాకరణంలోనూ ఈ రూపానికి చోటుంది. వాళ్లు తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్ల కోసం రాశారు. మనం అదే దారిలో ఎదురు నడుస్తున్నాం.

పాత ఇంగ్లీషులోనూ ఈ రూపం ‘అన్’తోనే ముగిసేది: తాగడం ‘డ్రింకన్’. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఇది వట్టి కాకతాళీయం. అక్కడా ప్రత్యయం అరిగిపోయింది. ప్రయోజనం చెప్పేటప్పుడు ముందు చేరే ‘టు’ మాత్రం నిలబడి, క్రమంగా ఆ రూపానికే ఆనవాలు అయింది.

టు ఎప్పుడు రాదు?

ఇంగ్లీషు వ్యాకరణాలు జాబితా ఇస్తాయి: కెన్, మే, మస్ట్, లెట్, మేక్ తర్వాత ‘టు’ వద్దు. తెలుగువాడికి ఆ జాబితా సగం ఇంట్లోనే ఉంది. చేయగలను, చేయవచ్చు, చేయకూడదు, చేయనివ్వు: పాత తుమున్నర్థకం ఎక్కడ దాక్కుని ఉందో, ఇంగ్లీషులో అక్కడ ఎక్కువగా ‘టు’ ఉండదు. కెన్ డూ, మే డూ, మస్ట్ నాట్ డూ, లెట్ డూ. ‘చేయడానికి’, ‘చేయాలని’ అన్న చోట ‘టు డూ’ వస్తుంది. ఇది సూత్రం కాదు, చేతికర్ర. ‘చేయసాగాడు’ అంటే ‘బిగాన్ టు డూ’ కూడా కావచ్చు. ‘చేయాలి’ని ‘మస్ట్’తో చెబితే టు ఉండదు, ‘హ్యావ్’తో చెబితే ‘హ్యావ్ టు’ అనాలి. ‘మేక్’ దగ్గర ఇంకో చిక్కు: ‘హి మేడ్ మి వెయిట్’లో టు లేదు, కర్మణిలోకి తిప్పగానే ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’ అని తిరిగొస్తుంది.

ఈ కర్రతో సాధన చేయడానికి అలిపిరి మంచి చోటు. చెక్‌పోస్టు నుంచి మెట్లదాకా వినబడేవన్నీ విధులూ నిషేధాలూ అనుమతులే. సంచులు తనిఖీ చేయించుకోవాలి, సామాను ఇక్కడ అప్పగించవచ్చు, చెప్పులతో ఎక్కకూడదు. ఒక్కొక్కదాన్ని ఇంగ్లీషులో అనుకుంటూ, అన్నిటికీ ఒకే ‘టు’ అంటించకుండా మెట్లు ఎక్కితే కొండ చేరేలోపు చాలావరకు పట్టుబడుతుంది. మెట్లు మూడున్నర వేలకు పైనే.

రష్యన్‌తో పోలిక

హైదరాబాదులో 1958లో మొదలైన కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకుని పేరు మార్చుకుంది. అది 2007 నుంచి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. ఇంగ్లీషు, రష్యన్ ఒకే ప్రాంగణంలో నేర్పే చోటు కాబట్టి ఈ పోలిక మనకు మరీ పరాయిది కాదు.

రష్యన్ ఇన్ఫినిటివ్‌కు ముందు ‘టు’ వంటిదేమీ ఉండదు, మాట చివరే గుర్తు. ‘ష్తో దేలత్’ అంటే చాలు, ‘ఏం చెయ్యాలి?’ అని అర్థం. చెర్నిషేవ్‌స్కీ నవలకూ (1863), లెనిన్ పుస్తకానికీ (1902) అదే పేరు. తెలుగులో ‘చేయ’కు ‘వలె’ కావాలి, ఇంగ్లీషులో ‘వాట్ ఈజ్ టు బి డన్’ అని కర్మణి తిప్పాలి. రష్యన్ ఈ ముగ్గురిలో పొదుపరి.

ఒక చోట మాత్రం రష్యనూ తెలుగువాడూ ఒకే గుంటలో పడతారు. ‘ఐ వాంట్ యు టు కమ్’ ఇద్దరికీ ఎక్కదు. రష్యన్‌లో ‘ష్తోబి’ పెట్టి పూర్తి ఉపవాక్యం చెబుతారు, తెలుగులో ‘నువ్వు రావాలని’ అంటాం. అందుకే ఇద్దరి నోటా ‘ఐ వాంట్ దట్ యు కమ్’ వస్తుంది. దీనికి ఊతమిచ్చే పోలిక మన భాషలో లేదు, వాక్యాన్ని వాక్యంగా పదేపదే అనడమే మార్గం.

‘స్టాప్’ దగ్గర ఇద్దరికీ అదృష్టం కలిసొచ్చింది. ‘స్టాప్డ్ వాకింగ్’, ‘స్టాప్డ్ టు డ్రింక్’ అన్న తేడా ఇంగ్లీషు పాఠాల్లో పెద్ద అధ్యాయం. రష్యన్‌లో ఈ రెంటికీ వేరువేరు క్రియలు. తెలుగులోనూ అంతే: అలిపిరి దారిలోని మోకాళ్ల మెట్టు దగ్గర ఒకరు నడక ఆపుతారు, ఇంకొకరు నీళ్లు తాగడానికి ఆగుతారు. ఆపితే ‘ఇంగ్’, ఆగితే ‘టు’.