కంటోన్మెంటుకూ సర్ఫేఖాస్‌కూ నడుమ మేడ్చల్, శామీర్‌పేట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్ని బ్రిటిష్‌వారు నేరుగా ఎన్నడూ ఏలలేదు. వారి ఫౌజు మాత్రం ఈ ఊళ్లకు కొద్ది మైళ్ల దూరంలో నూట నలభై ఏళ్లు మకాం వేసింది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ సైన్యం కోసం 1806లో అప్పటి నిజాం సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. దానికి ఉత్తరాన, మేడ్చల్, శామీర్‌పేటలకు వెళ్లే దారుల మధ్య, బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంటు దళం స్థిరపడింది. ఆ దళానికి జీతం నిజాంది, హుకుం ఇంగ్లీషు దొరలది. జీతాల బాకీ పెరిగి పెరిగి 1853లో నిజాం ఏలుబడిలోని బీరారు ప్రాంతం కంపెనీ చేతికి పోయింది.

కంటోన్మెంటు హద్దు దాటితే అధికారమే మారిపోయేది. లోపల బ్రిటిష్‌వారి కల్దారు రూపాయి, బయట నిజాం హాలీ సిక్కా. బయటి భూమి కూడా ఒక్క తీరుగా ఉండేది కాదు. మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోది. ఆ జిల్లా సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత జాగీరు వంటిది. అక్కడి శిస్తు దివానీకి, అంటే ప్రభుత్వ ఖజానాకు కాక ఆయన సొంత ఖజానాకే చేరేది. చుట్టుపక్కల పాయిగాలనే పెద్ద ప్రభు కుటుంబాల, జాగీర్దార్ల గ్రామాలూ ఉండేవి. రైతు మాట తెలుగు, సర్కారు దస్తరం ఉర్దూ.

1899, 1901 మధ్య సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు వేసిన మీటర్‌గేజ్ మార్గంలో మేడ్చల్‌కు స్టేషన్ వచ్చింది. జాల్నా, ఔరంగాబాద్ వంటి కంటింజెంటు స్థావరాలను కలిపిన లైను అది. తర్వాత బ్రాడ్‌గేజ్‌గా మారిన ఆ దారిలోనే 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది. శామీర్‌పేటకు మాత్రం రైలు లేదు.

1947 ఆగస్టు 15 తర్వాత పదమూడు నెలలు హైదరాబాద్ సంస్థానం దీవిలా మిగిలింది, చుట్టూ భారతదేశమే. ఆ ఏడాది నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరాక భారత ప్రతినిధిగా వచ్చిన కె.ఎం.మున్షీ బొల్లారంలోనే ఉన్నారు. 1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య 17న ఆగింది. ఆ రోజును విలీనమనాలా, విమోచనమనాలా అన్న వాదన ఏటా వేదికలెక్కుతుంది. సాగు చేసే మనిషికి మాత్రం అంతకన్నా బరువైన ఏడు 1949. ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది, ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. అత్రాఫ్-ఎ-బల్దా హైదరాబాద్ జిల్లాలో కలిసిపోయింది. 1978లో ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాకు వెళ్లింది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. దాని కలెక్టరేటు ఇప్పుడు శామీర్‌పేట మండలంలో ఉంది.

జాగీర్లు పోయినా వాటి కాగితాలు పోలేదు. ఎకరం కొనాలంటే నేటికీ సర్వే సెటిల్‌మెంట్ రికార్డైన సేత్వార్, 1954-55 నాటి సాగు వివరాల కాస్రా పహాణీ తీసి చూడవలసిందే. భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి సాగులో ఉంది అన్న వివాదం చాలాసార్లు ఆ పాత రికార్డు దగ్గరే తేలుతుంది, లేదా అక్కడే చిక్కుపడుతుంది. ఖుర్షీద్ జా పాయిగా వారసుల 1958 నాటి 14వ నంబరు దావాలో 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఇదే జిల్లాలోని హైదర్‌నగర్, హస్మత్‌పేట భూముల వరకు సాగిన ఆ వ్యాజ్యం దశాబ్దాలు నడిచింది. వ్యవసాయం చేసిన తరం పోయి ప్లాట్లు కొన్న తరం వచ్చినా తగువు పాతదే. మాజీ సైనికుల పునరావాసానికని పెట్టిన జవహర్‌నగర్ భూములదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ ఇప్పుడు ఇళ్లున్నాయి, నగరమంతటి చెత్త పోసే డంపుయార్డూ ఉంది.

కంటోన్మెంటు చేతులు మారిందే గాని కదలలేదు. 1860లో కట్టిన బొల్లారం రెసిడెన్సీ భవనం రాష్ట్రపతి నిలయమైంది, 2023 నుంచి సామాన్యులూ చూడవచ్చు. దండు భూములు రక్షణ శాఖవయ్యాయి. దాంతో నగరం నుంచి మేడ్చల్‌కు వెళ్లే జాతీయ రహదారిని, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిని కంటోన్మెంటులో వెడల్పు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఏళ్ల తరబడి ఢిల్లీని అడగవలసి వచ్చింది. రెండు దారుల్లోనూ ఎలివేటెడ్ కారిడార్లకు భూమి ఇవ్వడానికి రక్షణ శాఖ 2024 మార్చిలో ఒప్పుకొంది.